పై వరుసలో కుడి చివరి అర

1972వ సంవత్సరం ఫిబ్రవరి 7వ తేదీ, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. తెల్లవారుజామున కురిసిన అకాలపు జల్లుకు తడిసిన అబిడ్స్ రోడ్డు ఇంకా ఆరలేదు. ఎండ వచ్చీ రానట్టున్నది. చలిగాలి సన్నగా వీస్తున్నది. ఆ వేళకు పెద్ద తపాలా కార్యాలయం వెనుక సందులో, ఒక బట్టల దుకాణం మీది మేడకు పోయే ఇరుకు మెట్లను సోమయాజులు గారు ఎడమచేత్తో కమ్మీ పట్టుకొని, ఒక్కొక్క మెట్టు మీద ఆగి ఎక్కుతున్నారు. ఆయన వయస్సు ఏబదేళ్ళ ఏడు నెలలు. కుడిచేయి తెల్లని కండువా మడతలో మెడనుంచి వ్రేలాడుతూ, పొట్టకు ఆనుకొని ఉన్నది.

మేడమీద ఉన్నవి రెండే గదులు. లోపల మందువాసన లేకపోవటంవల్ల ఆయనకు కొంత అనుమానం కలిగింది. పైకప్పునుంచి కప్పీమీదుగా ఒక తాడు వ్రేలాడుతున్నది. ఒక మూల నున్నని కర్రలు, ఇసుక సంచులు ఉన్నాయి. వైద్యశాలవలె కాక సర్కసువారి సామానుగదివలె ఉన్నదనుకొన్నారు. చీరపైన తెల్లకోటు తొడుక్కొన్న ముప్ఫయి నాలుగేళ్ళ స్త్రీ బల్ల దగ్గరనుంచి లేచి వచ్చింది. ఆమె పేరు నర్మద. కాచిగూడలో తరతరాలుగా గుమాస్తాగిరీ చేసిన ఇంటి ఆడపడుచు. బిగుసుకొన్న కీళ్ళను వ్యాయామంతో ఆడించే చికిత్సను బొంబాయిలో మూడేళ్ళు నేర్చుకొని వచ్చింది.

"కండువ ఎవరు కట్టిన్రు?" అని ఆమె అడిగింది.

"ఆస్పత్రిలో కట్టారమ్మా. అక్టోబరు ఇరవయ్యో తారీఖున."

"ఎప్పుడు తీయమన్నరు?"

సోమయాజులు గారు కండువా మడత సర్దుకొన్నారు. "నవంబరు పదిహేడున తీసి, చేయి మెల్లగా ఆడించమన్నారు. ఎముక గట్టిపడిందో లేదోనని, జాగ్రత్త కోసం, ఇంకొన్నాళ్ళు ఉంచాను."

"ఎముక కార్తీక నెల్లనే గట్టిపడింది సార్. మీ జాగ్రత్తకు ఇప్పుడు భుజం గట్టిపడ్డది. ఇనుప పెట్టెకు తుప్పువట్టినట్టు."

ఆ మాట ఆయనకు బాకు గుచ్చినట్టనిపించింది. జాగ్రత్త వల్ల చెడిన పని ఒకటి ఉంటుందని ఆయన అంతవరకు ఎరుగరు. నాంపల్లి స్టేషనును ఆనుకొని ఉన్న రైలు తపాలా కార్యాలయంలో ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీయటం ఆయన ఉద్యోగం. 1956 నవంబరులో భార్య కామాక్షితో కలిసి రాజోలు నుంచి ఈ నగరానికి వచ్చిననాటినుంచి అదే హాలులో, కిటికీ ప్రక్కన అదే ఆసనం. పదిహేనేళ్ళలో ఆయన చేతిమీదుగా ఒక ఉత్తరం దారి తప్పిందన్న ఫిర్యాదు ఒక్కటి రాలేదు. కామాక్షి వచ్చిన రెండో ఏడే విషజ్వరంతో పోయింది. పిల్లలు లేరు. నాంపల్లి సందులోని కిరాయి గదిలో ఆనాటినుంచి ఆయన ఒక్కరే. గత అక్టోబరులో ఆ ఇంటి బావిగట్టు మీద నాచుకు కాలుజారి, కుడిచేయి భుజం దగ్గర విరిగింది. అప్పుడు కేక వేయటానికి కూడా ఆయనకు ఎవరి పేరూ స్ఫురించలేదు.

నర్మద కండువా ముడి విప్పింది. ఒక అరచేతిని ఆయన మోచేతి క్రిందా, మరొక దానిని భుజంపైనా ఉంచి, చేతిబరువంతా తానే మోస్తూ మెల్లగా ప్రక్కకు తీసింది. జానెడు దూరం పోయి చేయి ఆగిపోయింది. ఆయన పండ్లు బిగించారు.

"బిగవట్టకున్రి. బరువు నాకిడవండి."

ఆయనకు అది చేతకాలేదు. పద్నాలుగేళ్ళుగా, నాంపల్లి మంగలి, కట్టు కట్టిన ఆస్పత్రివారు తప్ప, ఆయన దేహాన్ని తాకిన మనిషి లేడు. తన చేతిని ఇంకొకరి చేతిలో విడిచిపెట్టటమెట్లాగో ఆయన మరచిపోయారు. మూడు నిమిషాలకు గాని ఆ చేయి బరువెక్కలేదు. బరువెక్కినప్పుడు, కారణం తెలియకనే, ఆయన ముఖాన్ని కిటికీవైపు త్రిప్పుకొన్నారు. నర్మద దానిని గమనించి కూడా గమనించనట్టు, కోణం కొలిచే బద్దను ఆయన భుజానికి ఆనించి, చూసిన అంకెను పుస్తకంలో వ్రాసుకొన్నది. నూట ఎనభై డిగ్రీలు ఉండవలసినచోట నలభై.

"ఈ చెయ్యితోని మీరేం పని జేస్తరు?"

సోమయాజులు గారు చెప్పారు. ఎదురుగా నిలువెత్తు చెక్క చట్రం; ఏడు వరుసలు, వరుసకు ఏడు చొప్పున నలభై తొమ్మిది అరలు. విజయవాడ, ఏలూరు, రాజమండ్రి వంటి పెద్ద ఊళ్ళు రొమ్ము ఎత్తున ఉంటాయి. ఉత్తరాలు తక్కువ వచ్చే ఊళ్ళు పైన ఒక వరుస, క్రింద ఒక వరుస. కంటితో అర వెదికేవాడు గంటకు వెయ్యి ఉత్తరాలు విడదీయలేడు. కన్ను చిరునామా మీదనే ఉండాలి. అరను చేయి వెదుక్కోవాలి.

"అన్నిటికన్న పైన ఏముంది?"

"పై వరుసలో, కుడి చివర, రాజోలు."

"అది మీదే ఊరా?"

"మాదే. అయినా అక్కడ పెట్టింది నేను కాదమ్మా. నేను వచ్చేసరికే అక్కడున్నది."

ఇక ఆయన చెప్పవలసినది ఒక్కటే మిగిలింది. అక్టోబరునుంచి సెలవులో ఉన్న ఆయన, చేయి మునుపటివలె లేస్తుందని చికిత్స చేసినవారు వ్రాసిన పత్రాన్ని ఆగస్టు 31లోగా దాఖలు చేయాలని పై అధికారులు వ్రాశారు. లేనిపక్షాన ఆయనను రికార్డు గదికి మారుస్తారు. జీతంలో తేడా ఏమీ ఉండదు. అయితే రికార్డు గది కార్యాలయం వెనుకభాగాన, పాత కాగితాల మధ్య, ఒక కుర్చీ మాత్రమే పట్టే చోటు. ఇంటివద్ద ఒంటరిగా ఉన్న మనిషికి ఆ హాలులోని పన్నెండుగురి దగ్గులు, తుమ్ములు, పరిహాసాలు, ముద్రల చప్పుడు మాత్రమే ప్రపంచంగా ఉండేవి. ఈ సంగతి ఆయన నర్మదకు చెప్పలేదు. "ఆ గదిలో గాలి ఆడదమ్మా" అని మాత్రం అన్నారు.

ఆనాటినుంచి ఆదివారాలు తప్ప ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు ఆయన ఆ మెట్లు ఎక్కేవారు. మొదట భుజానికి కాపడం. తరువాత బల్లమీదికి వంగి, కుడిచేతిని ఇస్త్రీపెట్టె బరువుతో క్రిందికి వ్రేలాడవిడిచి గడియారపు లోలకంవలె ఊపటం. ఆపైన కప్పీతాడు ఒక కొసను ఎడమచేత్తో లాగుతూ, రెండవ కొసన కట్టిన కుడిచేతిని లేపటం. అన్నిటికంటె చివర, నర్మద తానే ఆయన చేతిని పట్టుకొని, అది ఆగినచోటునుంచి ఇంకొక వ్రేలిమందం ముందుకు నడిపించేది. అక్కడ నొప్పి నిప్పుకణికవలె ఉండేది.

"నొప్పి ఉంటది," అని ఆమె మొదటి వారంలోనే చెప్పింది. "గంటకో రెండు గంటలకో తగ్గితే ఫికర్ చెయ్యకున్రి. తెల్లారిందాక ఉంటే మాత్రం నేను ఎక్కువ చేసిన్నని లెక్క. అప్పుడు దాచిపెట్టకుండ చెప్పాలె."

ఆయన దాచిపెట్టారు. మార్చి నెలలో రెండు రాత్రులు నిద్రలేకపోయినా, చికిత్స ఆపివేస్తుందేమోనన్న భయంతో, బాగానే ఉన్నదన్నారు. మూడోనాడు చేయి వెనుకటికంటె తక్కువగా లేచింది. నర్మద బద్దను బల్లమీద పెట్టి ఆయనవంక చూసింది.

"సార్, మీరు ఒక చిట్టి తప్పు అరల ఏసి, ఎవరికీ చెప్పకుంటె ఆ చిట్టి ఏమైతది?"

"చేరదమ్మా."

"గిది గూడ గంతే."

ఆ తరువాత ఆయన నొప్పిని గడియారం చూసి వ్రాసుకొని వచ్చి, చీటీ ఆమె చేతికిచ్చేవారు. 'రాత్రి 8-20 మొదలు 9-45 వరకు, భుజం ముందువైపు, మోస్తరు.' ఆమె ఆ చీటీలను చూసి నవ్వు ఆపుకొనేది గాని, ఒక్కటీ పారవేయలేదు.

గోడమీద వ్రేళ్ళతో ప్రాకించే వ్యాయామానికి అందరికీ ఆమె సుద్దతో నిలువుగీత గీసి, అంగుళాలు గుర్తువేసేది. సోమయాజులు గారి విషయంలో ఆ గీత పనిచేయలేదు. చేయి లేవనిచోట ఆయన భుజాన్ని చెవిదాకా ఎగవేసి, నడుమును ప్రక్కకు వంచి గీతను అందుకొనేవారు. ఆమె ఆ భుజంపైన అరచేయి ఉంచి అదిమితే రెండంగుళాలు తగ్గిపోయేది. కొన్నాళ్ళకు విసిగి, సుద్దముక్కను ఆయన ఎడమచేతిలో పెట్టింది.

"మీ చట్రం గీయండి."

ఆయన గీశారు. అరలన్నీ కొలతకు సరిగ్గా వచ్చాయి. ఎడమచేత్తో వ్రాసినా ఊళ్ళపేర్లలో ఒక్క అక్షరం వంకరపోలేదు. నర్మద పాత కవర్ల కట్ట ఒకటి తెచ్చి, ఒక్కొక్కటి ఆయన కుడిచేతికి అందించి ఊరిపేరు చెప్పింది. ఏలూరు అన్నది. చేయి ఏలూరుకు వెళ్ళింది. నిడదవోలు అన్నది. వెళ్ళింది. నడుము వంగలేదు, భుజం ఎగరలేదు. గీతను అందుకోవటానికి మోసం చేసిన చేయి అరను అందుకోవటానికి మోసం చేయలేదు. తన అలవాటు వరకు తానే లేచింది. రొమ్ము ఎత్తుకు రెండు వరుసలపైన ఉన్న తుని దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ఇగ ఇదే మన నిచ్చెన," అన్నది నర్మద.

ఇంటి యజమాని అనుమతితో ఆయన తన గదిగోడ మీద కూడా అదే చట్రం గీసుకొన్నారు. ప్రొద్దున కొంతసేపు, సాయంకాలం కొంతసేపు దాని ఎదుట నిలబడి చేతిని లేపేవారు. ఊరిపేరు తనకు తానే చెప్పుకొనేవారు. ఆ గదిలో అంతకుముందు మాట వినబడటం అరుదు. ఇప్పుడు తణుకు, పాలకొల్లు, భీమవరం అని రోజూ వినబడేది.

నెలకొకసారి ఆదివారం ఆయనను చూడటానికి వచ్చేవాడు రాజనర్సు. అబిడ్స్‌లో పేవుమెంటు మీద పాతపుస్తకాలు తిరగవేసి, ఒక్కటీ కొనక, అటునుంచి అటు వచ్చేవాడు. హాలులో సోమయాజులు గారి ఎడమప్రక్క ఆసనం అతనిది. పుట్టినది, పెరిగినది అఫ్జల్‌గంజ్‌లో.

"ఏం పంతులూ, గోడ మీదనే ఆఫీసు వెట్టినవా? గోడకు జీతం గూడ ఇస్తున్నవా?" అన్నాడు ఏప్రిల్‌లో చట్రం చూసి.

"నువ్వు హాలులో చేసేదానికంటె ఇక్కడే తప్పులు తక్కువ," అన్నారు సోమయాజులు గారు.

"తప్పులెందుకుంటయ్. గోడకు చిట్టీలు రావు గద. నీ తావుల గా కొత్త పోరడు కూసున్నడు. రాజమండ్రి రాజమండ్రని జపం జేస్తనే సామర్లకోటల ఏస్తడు."

ఆ మాట విని సోమయాజులు గారికి, తప్పని తెలిసినా, సంతోషం కలిగింది.

జూలైలో వచ్చినప్పుడు రాజనర్సు తీరు వేరుగా ఉన్నది. ఆయన అతని ఎదుట చేయి లేపి పై వరుసలోని ముమ్మిడివరాన్ని అందుకొని చూపారు. ఇక మిగిలినది దాని ప్రక్క కుడి చివరి గడి ఒక్కటే. రాజనర్సు చాలాసేపు ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు. ఏదో అనబోయి, "చాయ్ ఉందా పంతులూ?" అన్నాడు. త్రాగి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 15వ తేదీనుంచి చిరునామా క్రింద ఆరంకెల సంఖ్య వ్రాయాలన్న ప్రకటనను సోమయాజులు గారు పత్రికలో రెండుసార్లు చదివారు. అంకెలు వచ్చేది కవరు మీదికి గదా, అరలెక్కడికి పోతాయనుకొన్నారు. పదిహేనేళ్ళు ఒకేచోట ఉన్న అరలు కదులుతాయన్న ఊహ, ఉత్తరాలు విడదీసే హాలులో పనిచేసినవారెవరికీ అంత సులభంగా రాదు.

ఆగస్టు 19, శనివారంనాడు నర్మద కవరు అందించి "రాజోలు" అన్నది. చేయి లేచింది, చెవి దాటింది, తల దాటింది, పై వరుస కుడి చివర గోడకు తగిలింది. ఆమె అరచేయి ఆయన భుజంపైననే ఉన్నది. కాని అదమవలసిన అవసరం లేకపోయింది. ఆమె చేతిని నెమ్మదిగా తీసివేసింది. ఆయనకు చేయి లేచినందుకు కలిగిన ఆనందం ముందు తెలిసిందో, ఆ అరచేయి తొలగటం ముందు తెలిసిందో చెప్పటం కష్టం.

వారం తరువాత ఆమె పత్రం వ్రాసి ఇచ్చింది. "రోజు పొద్దుగాల పది సార్లు లేపుడు మాత్రం ఇడవకున్రి. జిందగీ మొత్తం. ఇగ ఇక్కడికి రావక్కర లేదు."

"సోమవారం ఒకసారి వచ్చి చూపించమంటారా?"

"అక్కర లేదు సార్. మంచిగైంది."

సెప్టెంబరు 1వ తేదీ, శుక్రవారం, ఆయన హాలులో ప్రవేశించారు. పన్నెండుగురూ తలలెత్తి చూశారు. ఎవరో ముద్రను బల్లమీద రెండుసార్లు కొట్టి స్వాగతం పలికారు. కిటికీ ప్రక్కన ఆసనం, చట్రం ఉన్నచోటనే ఉన్నాయి. పేర్లు మాత్రం లేవు. అరలన్నిటిపైనా తెల్లని కొత్త చీటీలు, వాటిమీద అంకెల వరుస. పై వరుసలో కుడివైపు మూడు అరల చీటీలమీద ఏమీ వ్రాసి లేదు. ముందుముందు తెరవబోయే కార్యాలయాల కోసం వాటిని ఖాళీగా ఉంచారు. సెప్టెంబరు 30న కొత్త క్రమంలో రెండువందల కవర్లతో పరీక్ష ఉంటుందనీ, మూడు తప్పులు మించినవారిని వేరే పనికి మారుస్తారనీ పర్యవేక్షకుడు చెప్పి, ఒక జాబితా ఇచ్చాడు. వేరే పని ఏదో సోమయాజులు గారు అడగలేదు.

జాబితా ప్రక్కన పెట్టుకొని పని మొదలుపెట్టారు. కన్ను అంకెమీద ఉన్నది. అయినా ఊరిపేరు కంటబడగానే చేయి తన దారిన తాను లేచిపోతున్నది. నొప్పి లేదు. ఏడునెలలు తీర్చిదిద్దిన చేయి గనుక తడబాటు కూడా లేదు. సాయంకాలం రైలుకు సంచులు కట్టేవేళ రాజనర్సు లేచి వచ్చి, పై వరుస కుడి చివరి ఖాళీ అరలోనుంచి పదకొండు ఉత్తరాలు తీసి సరైన అరలో వేశాడు. అన్నీ రాజోలువే.

సోమయాజులు గారు అతని చేతినే చూస్తూ, "జూలైలోనే నీకు తెలుసునా?" అని అడిగారు.

"ఔ. కొత్త చీటీలు అంటించే పని నాకే చెప్పిన్రు."

"చెప్పలేదేం మరి?"

"గా గోడ జూసిన గద పంతులూ. ఇంకొక్క అర మిగిలిందంటివి. చెప్తే తెల్లారి సంది చెయ్యి లేపుడు బంద్ జేస్తవేమో అనిపిచ్చింది. నోరు రాలే."

సోమయాజులు గారు జాబితాను చేతిలోకి తీసుకొన్నారు. "రాజోలు ఇప్పుడెక్కడ?"

"నడిమి వరస. కడుపు కాడ. చెయ్యి లేపుడే అక్కర లేదు."

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఆయన కాళ్ళు అలవాటుగా ఆ మెట్లు ఎక్కాయి. నర్మద ఒక ముసలమ్మ మోకాలిని రెండుచేతులతో పట్టుకొని వంచుతున్నది. లేవలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి జరిగినదంతా చెప్పారు.

"మంచిదే గద సార్. చెయ్యి అంత బాగ నేర్చుకున్నదన్నట్టు." ఆమె కళ్ళు మోకాలిమీదనే ఉన్నాయి. "నేర్చుకొనుడుకు ఏడునెలలు పట్టె. మరచుడుకు జర టైం ఇయ్యాలె. దానితోని కొట్లాడకున్రి. మనం ఒక్కొక్క వరస ఎక్కినట్టే, ఒక్కొక్క వరస మార్చున్రి. చెయ్యి లేపున్రి, చూస్త."

ఆయన చేయి లేపారు. ఆమె అక్కడినుంచే చూసి, తల ఊపింది. "బాగున్నది." ముసలమ్మ అబ్బా అన్నది. నర్మద తిరిగి ఆ మోకాలివైపు వంగింది. ఆయన మరికొంతసేపు చేతిని అట్లాగే ఎత్తి ఉంచి, తరువాత దింపుకొని మెట్లు దిగారు.

ఆ సాయంకాలం గదిగోడను తడిగుడ్డతో తుడిచారు. పై వరుసను తుడవటానికి పీట అవసరం లేకపోయింది. మొదటిరోజు ఒక్క వరుసలో మాత్రం కొత్త అంకెలు వ్రాసుకొన్నారు. అది చేతికి పట్టినాక రెండవది. రాజనర్సు రోజూ కార్యాలయం విడిచాక వచ్చి కవర్లు అందించేవాడు. తప్పు అరవైపు చేయి లేచినప్పుడల్లా "ఆగు" అనేవాడు గాని, నవ్వేవాడు కాదు. మూడవవారానికి చేయి రాజోలు అనగానే కొద్దిగా కదిలి, ఆగి, నడిమి వరుసకు దిగటం నేర్చుకొన్నది.

సెప్టెంబరు 30న పరీక్షలో సోమయాజులు గారికి ఒక్క తప్పు వచ్చింది. అది ఏ ఊరి ఉత్తరమో వ్రాయనక్కరలేదు. కిటికీ ప్రక్క ఆసనం ఆయనకే ఉండిపోయింది. రికార్డు గదిలో ఆయన ఒక్కనాడూ కూర్చొనలేదు.

రాజనర్సు 1976లో కాజీపేటకు బదిలీ అయినాడు. ఆరంకెలూ తప్పకుండా వేసి, ఏడాదికి రెండు కార్డులు వ్రాసేవాడు. సోమయాజులు గారికి వచ్చిన ఉత్తరాలు అవే. బట్టల దుకాణం యజమాని మేడను ఖాళీ చేయించినందున నర్మద చికిత్సాలయం 1974 మార్చిలో మూతబడింది. ఆమె వరంగల్లులో ఉద్యోగానికి వెళ్ళినట్లు తెలిసింది. సోమయాజులు గారు 1979 జూన్ 30న, శనివారం, ఉద్యోగ విరమణ చేశారు. అదే గదిలో ఉన్నారు. గోడకు రెండుసార్లు సున్నం వేశారు. ప్రతి ఉదయం పదిసార్లు చేయి లేపుతారు. అది పూర్తిగా లేస్తుంది.